కాలువ వంతెన నుంచి గడప దాకా

ఫెన్ నది దిగువన ఉన్న నాన్‌యావ్ గ్రామంలో గెంగ్ బావ్‌షెంగ్ డోలు వినకుండా పెరిగిన మనిషి లేడు. ఎద్దుతోలు బిగించిన ఆ ఎర్రడోలు నడుమెత్తు ఉంటుంది. నలుగురు పట్టి బండి మీదికి ఎక్కించాలి. తాత వాయించాడు, తండ్రి వాయించాడు, ఇరవై మూడో ఏటికే బావ్‌షెంగ్ మేళానికి పెద్ద అయ్యాడు. పెళ్ళికీ, కొత్తింటి దూలమెత్తడానికీ, సైన్యంలోకి వెళ్ళే పిల్లల వీడ్కోలుకీ, ఆ పిల్లల పేరిట ఎర్రకాగితం మీద మెచ్చుకోలుపత్రం ఊరికి వచ్చిన రోజుకీ ఆ డోలే మోగాలి. ఇప్పుడతనికి అరవై మూడేళ్ళు. ఈ నలభై ఏళ్ళలో అతని డోలు కాలువ వంతెన దాటి పడమటి సందులోకి ఒక్కసారీ పోలేదు.

కారణమడిగితే ఏడాదికొక జవాబు చెప్పేవాడు. ఒక ఏడు తోలు చెమ్మగిల్లిందనీ, మరొక ఏడు సందు ఇరుకు గనుక బండి తిరగదనీ, ఇంకొక ఏడు అటువైపు పెళ్ళిళ్ళే లేవనీ అనేవాడు. అసలు కారణం ఆ సందు చివరి ఇల్లు. ఆ ఇంట్లో బాయ్ లియన్‌యే ఒంటరిగా ఉంటోంది. ఆమె కొడుకు సువోజు దక్షిణ సరిహద్దు యుద్ధంలో పోయాడు. ఆ వార్త ఆమె గడపకు చేరిన రోజున బావ్‌షెంగ్ అక్కడే ఉన్నాడు.

ఈ ఏడు చాంద్రమాన సంవత్సరం ముగియడానికి పదిరోజుల ముందు గ్రామపెద్ద తావ్ రుయ్ ఒక అట్టపెట్టె మోసుకుంటూ అతని వాకిట్లోకి వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల, మాట చురుకు.

"బాబాయ్, పదకొండు పలకలు వచ్చాయి. సైన్యంలో పనిచేసినవాళ్ళ ఇళ్ళన్నిటికీ తలుపు పక్కన తగిలించాలట. బంగారురంగు మీద ఎర్ర అక్షరాలు, 'గౌరవ గృహం' అని. మేళంతో వెళ్ళి తగిలించాలని తాలూకా వాళ్ళ మాట. ఎల్లుండి పొద్దున్న."

"పది ఇళ్ళేగా మన ఊళ్ళో?"

"పదకొండు. పడమటి సందు చివర లియన్‌యే అవ్వని ఎవరు లెక్కేస్తారు? అమరవీరుడి ఇల్లు అది. అసలు మొదట అక్కడికే వెళ్ళాలి."

"ఆ సందు ఇరుకు."

"ఆ మాట అంటారని తెలిసే టేపు పట్టుకెళ్ళి కొలిచొచ్చాను. బండి పడుతుంది. పక్కన మీ పొట్టకి కూడా చోటు మిగులుతుంది."

గోడవారన కూర్చుని కంచుతాళాలు తోముతున్న నల్ల హో పకపక నవ్వాడు. అతను బావ్‌షెంగ్ చిన్ననాటి జతగాడు, మేళంలో తాళాలవాడు. బావ్‌షెంగ్ నవ్వలేదు. పెట్టె మూత ఎత్తి, పై పలక మీద వేలు రాసి, మూత వేశాడు.

"అక్కడికి చివరన వెళదాం" అన్నాడు.

తావ్ రుయ్ వెళ్ళిపోయాక హో తాళాలు కిందపెట్టి, "ఈసారి తోలు చెమ్మగిల్లలేదా?" అని అడిగాడు.

"ఆవిడకి ఎనభై నాలుగేళ్ళురా. ఈ చలికాలం దాటుతుందో లేదో. ఆవిడతో నేనొక మాట చెప్పాలి. నలభై ఏళ్ళుగా గొంతులో ఉండిపోయింది."

"ఏం మాట?"

"ముందు ఆవిడకి. తరవాత నీకు."

*

లియన్‌యే పుట్టిన కాలంలో సిపాయి అన్న మాట చెవినపడితే జనం కోళ్ళను గంపల కింద, కొడుకులను ధాన్యపు గాదెల్లో దాచేవారు. సిపాయి కండువా ఏ రంగుదైనా ఆకలి ఒక్కటే. గింజలు తిని, తలుపులు పీకి పొయ్యిలో పెట్టుకునేవాడు. ఇంట్లో మగబిడ్డ సైన్యంలో ఉన్నాడని చెప్పుకోవడం దొంగల్లో కలిశాడని చెప్పుకోవడంతో సమానంగా ఉండేది. లియన్‌యేకు ఎనిమిదో ఏట ఆమె తండ్రిని గోధుమచేలో పట్టుకుని, మరి పదిమందితో కలిపి ఒకే మోకుకు కట్టి, రాదారి మీద పశువుల్లా తోలుకుపోయారు. ఆ మోకు పట్టుకున్నది సిపాయిలే. కట్టుకుపోయిందీ సిపాయిలుగా చేయడానికే. ఆ పదకొండుమందిలో తిరిగివచ్చినవాడు ఒక్కడు, అతడు ఆమె తండ్రి కాడు.

ఆమెకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడాది మరొక సైన్యం ఊరిగుండా వెళ్ళింది. తల్లీ కూతురూ తలుపు గడియపెట్టి, గడియకు రోకలి ఆనించి, తెల్లవార్లూ కూర్చున్నారు. ఎవరూ తలుపు తట్టలేదు. పొద్దున్న తలుపు సందులోంచి చూస్తే సిపాయిలు వీధి పొడవునా గోడల వెంట, తుపాకులు ఒళ్ళో పెట్టుకుని, మంచులో నిద్రపోతున్నారు. తల్లి భయపడుతూనే వాకిలి తెరిచింది. పదిహేడు పద్దెనిమిదేళ్ళవాడొకడు లేచి, కావడి అడిగి తీసుకుని, బావికి ఆరుసార్లు తిరిగి, వాళ్ళ నీళ్ళతొట్టి అంచుదాకా నింపాడు. తల్లి కొర్రగంజి గిన్నె అందిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "వద్దమ్మా, మాకు ఆజ్ఞ లేదు" అన్నాడట. ఆ పిల్లవాడి పేరు లియన్‌యేకు తెలియలేదు. ముఖం కూడా మరిచిపోయింది. తొట్టి అంచు మీద తొణికిన నీళ్ళు మాత్రం ఆమె జీవితమంతా తొణుకుతూనే ఉన్నాయి.

పెళ్ళయ్యాక పుట్టిన ఇద్దరు బిడ్డలు ఏడాది తిరక్కుండా పోయారు. మూడోవాడు పుట్టగానే ఊరి ఆచారం ప్రకారం మెడలో చిన్న వెండితాళం వేసి, సువోజు అని పేరుపెట్టింది. తాళంవేసిన స్తంభమని దానికి అర్థం. మృత్యువు వచ్చి లాగినా ఊడిరాకూడదని అలా కట్టిపెడతారు. భర్త ఇటుకబట్టీలో ఊపిరితిత్తులు చెడి పోయాక ఆ స్తంభమే ఆ ఇంటికి ఆధారమైంది.

బావ్‌షెంగూ సువోజూ ఏడాది తేడా పిల్లలు. కాలువలో ఈతా, రేగుతోటలో దొంగతనమూ, బడిలో దెబ్బలూ కలిసే పంచుకున్నారు. వాళ్ళ యౌవనం నాటికి లోకం తలకిందులైంది. సిపాయి అంటే దాక్కునే జనం కొడుకులే సిపాయి దుస్తుల కోసం కలలు కనేవారు. పచ్చకోటు తొడిగినవాడికి పిల్లనివ్వడానికి మధ్యవర్తులు వరసకట్టేవారు. ఆ కోటు పాతదైనా, ఎవరిదో అడిగి తెచ్చుకున్నదైనా, అది తొడుక్కుని ఫోటో దిగని కుర్రవాడు నాన్‌యావ్‌లో లేడు. సైనికుడి ఇంటికి కొత్తసంవత్సరానికి ఊరి తరఫున పందిమాంసమూ ద్వారబంధానికి ఎర్రకాగితాలూ వెళ్ళేవి.

పందొమ్మిది వందల డెబ్భై ఏడు చలికాలంలో ఇద్దరూ కలిసే దేహపరీక్షకు వెళ్ళారు. వైద్యుడు ఐదడుగుల దూరంలో నిలబడి గుసగుసగా ఏదో అని, ఏమన్నానో చెప్పమన్నాడు. పసితనం నుంచీ డోలు పక్కన పెరిగిన బావ్‌షెంగ్ కుడిచెవికి అది అందలేదు. పరీక్ష అక్కడితో అయిపోయింది. సువోజు పేరు జాబితాలో మొదటి వరసలో పడింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే లియన్‌యే వాకిట్లోకి వెళ్ళారు.

"అమ్మా, నా పేరొచ్చింది."

ఆమె పిండి పిసుకుతున్న చెయ్యి ఆపింది. "తాళమేసి పెట్టుకున్నానురా నిన్ను. తాళంచెవి ఎవడి చేతిలో పెట్టావు?"

"చెవి నీ చేతిలోదే. నీళ్ళతొట్టి నింపిన అన్న కథ నాకు చెప్పిందెవరు? పాలతోపాటు తాగించావు. ఇప్పుడు వద్దంటే ఎట్లా?"

"ఆ పిల్లాడికీ ఒక తల్లి ఉండే ఉంటుంది. ఆవిడ తొట్టి ఎవడు నింపాడో నాకు తెలుసా?"

"నీ తొట్టి వీడు నింపుతాడు" అని సువోజు బావ్‌షెంగ్ వీపు మీద చరిచాడు. "చెవిటివాడే గాని, కావడి మొయ్యడానికి చెవులెందుకు?"

బావ్‌షెంగ్‌కు లోపల అసూయ మండుతున్నా నవ్వి, "నింపుతాను పిన్నీ" అన్నాడు. ఆ మాటను అతడు ఏడాదీ మూడునెలలు నిలబెట్టుకున్నాడు.

బయలుదేరే రోజున సువోజు ఛాతీ మీద గుమ్మడిపువ్వంత ఎర్రకాగితపు పువ్వు గుచ్చి, ఊరి పొలిమేరదాకా డోలుతో సాగనంపారు. లియన్‌యే ఏడవలేదు. ఏడిస్తే ఎర్రపువ్వు వెలిసిపోతుందని ఎవరో అన్నారట, అది నమ్మింది.

*

బావ్‌షెంగ్ తండ్రి కొడుకుకు వదిలిపోయిన దరువుల్లో ఒకటి మిగతావాటి కన్న పైమెట్టుది. 'గుర్రం ఇల్లు చేరింది' అని దాని పేరు. మెచ్చుకోలుపత్రం వచ్చిన ఇంటికి తప్ప మరెక్కడా వాయించరాదు. అందులో నాలుగు భాగాలు. గుర్రం ఏరు దాటడం మొదటిది, దూరాన ఊరు కనబడడం రెండోది, సందులో దౌడు తీయడం మూడోది. నాలుగోది గడప దాటడం. అక్కడ డోలు మెల్లమెల్లగా తగ్గి, కర్రలు తోలును నిమిరినట్లు ఉండాలి. కాలువ వంతెన దగ్గర మొదటిది మొదలుపెట్టి, ఇంటి గడప ముందు నాలుగోది ముగించడం వాళ్ళ వాడుక. తండ్రి పోయే ముందు ఆ దరువు కొడుకొక్కడికే నేర్పాడు.

డెబ్భై తొమ్మిదిలో వసంతకాలమంతా ఊరు గ్రామ కచేరీ లౌడ్‌స్పీకరు కింద నిలబడి గడిపింది. దక్షిణాన యుద్ధం మొదలైంది, ముగిసింది. పిల్లల ఉత్తరాలు రావడం మొదలైంది. పక్క ఊరికి మొదటిశ్రేణి మెచ్చుకోలుపత్రం వచ్చింది. ఆ ఊరి మేళం డోళ్ళు కొట్టుకుంటూ నాన్‌యావ్ సంతవీధిగుండా కూడా ఊరేగి, బావ్‌షెంగ్‌ను చూసి, "మీ డోలుకి ఎలుకలు గూడు పెట్టాయా?" అని ఎగతాళి చేసి పోయింది.

గోధుమ పొట్టకొచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం తాలూకా సైనిక కార్యాలయం నుంచి ఇద్దరు సైకిళ్ళ మీద వచ్చారు. ఒకరి సంచీలోంచి చుట్టిన ఎర్రకాగితం అంచు బయటికి కనబడుతోంది. బావ్‌షెంగ్ కచేరీ మెట్ల మీదే ఉన్నాడు. గ్రామ కార్యదర్శి పాంగ్ సంచీ విప్పకముందే వచ్చినవాళ్ళ ముఖాలు చూశాడు. వాళ్ళను లోపలికి తీసుకుపోతూ వెనక్కి తిరిగి, "నువ్వాగు. నేను బయటికొచ్చి చెబుతాను" అన్నాడు.

అతడాగలేదు. ఎర్రకాగితం కళ్ళారా చూశాక ఇంక చెప్పడానికేముంది? ఆ ఊళ్ళో పుట్టినవాడెవడూ ఎర్రకాగితాన్ని మరోలా చదవడు. చావు తెల్లకాగితం మీద వస్తుంది. వీరమరణం పొందినవాడికి మెచ్చుకోలు కూడా తోడై వస్తుందనీ, రెండూ ఒకే సంచీలో ఉంటాయనీ, ఆ రెంటిలో బయటికి పొడుచుకువచ్చింది ఎర్రదేననీ అతడికి తట్టలేదు. పక్క ఊరివాళ్ళ ఎగతాళి చెవిలో గింగురుమంటోంది. పరుగున పోయి మేళాన్ని పోగుచేశాడు. "సువోజుకి పత్రం వచ్చింది, కార్యదర్శి పొమ్మన్నాడు" అని చెప్పాడు. ఆ అబద్ధం అంత తేలిగ్గా నోటివెంట వచ్చింది. కాలువ వంతెన మీద గుర్రం ఏరు దాటింది.

ఆ రోజు వాయించినట్లు అతడు జన్మలో వాయించలేదు. సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. లియన్‌యే మోచేతులదాకా పిండితో బయటికి పరుగెత్తుకొచ్చి, సంగతి గ్రహించి, ఇంట్లోకి పోయి కొడుకు తిరిగొచ్చిన రోజుకని దాచిన టపాకాయల దండ తెచ్చి ముట్టించింది. చెంగు నిండా ఎండు రేగుపళ్ళు తెచ్చి మేళం మీద చల్లుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ముఖమంతా పిండి పూసుకుంది. మూడో భాగంలో గుర్రం దౌడు తీస్తోంది. అప్పుడు సందు మొదట్లో టోపీ లేకుండా పాంగ్ కనబడ్డాడు. రెండు చేతులూ తలపైకెత్తి ఊపుతూ పరుగెత్తుకొస్తున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు. డోలు మోతలో అది వినబడదు. కార్యదర్శికి కూడా ఉత్సాహం వచ్చి ఆడుతున్నాడనుకుని బావ్‌షెంగ్ ఇంకా జోరు పెంచాడు.

మొదట జేగంట ఆగింది. తరువాత హో తాళాలు ఆగాయి. అందరికన్న చివర, గడప ముందు, మూడో భాగం ముగింపులో డోలు ఆగింది. ఆ నిశ్శబ్దంలో పాంగ్ గొంతు వినబడింది. అతడు అంతసేపూ అరుస్తున్నది ఒక్కటే మాట, "ఆపండిరా."

లియన్‌యే చేతిలో ఇంకా గుప్పెడు రేగుపళ్ళున్నాయి. ఆమె పాంగ్ ముఖాన్నీ, అతని వెనక సైకిళ్ళవాళ్ళనూ చూసింది. తరువాత ఎందుకో వంగి, కిందపడ్డ రేగుపళ్ళను ఒక్కొక్కటే ఏరి చెంగులో వేసుకోసాగింది.

నిందంతా పాంగ్ మీద పడింది. ఇంత అజాగ్రత్త మనిషి కార్యదర్శేమిటని ఊరు ఉమ్మివేసింది. మేళాన్ని పంపింది తాను కాదని పాంగ్ ఒక్కనాడూ అనలేదు. కుర్రవాడు కుంగిపోతాడని ఊరుకున్నాడో, ఎవరి తప్పన్నా ఒకటేనని ఊరుకున్నాడో తెలియదు. బావ్‌షెంగ్ కూడా నోరు విప్పలేదు. పాంగ్ పోయి పన్నెండేళ్ళయింది. శవపేటిక ముందు డోలు వాయిస్తూ కూడా అతడు నోరు విప్పలేదు.

ఆ వార్త వచ్చిన మర్నాటి నుంచి బావ్‌షెంగ్ లియన్‌యే నీళ్ళతొట్టి నింపడానికి వెళ్ళలేదు. వంతెన మీదికొచ్చేసరికి కాళ్ళు వెనక్కి తిరిగేవి. ఆమె మరిది కొడుకు నీళ్ళు మోశాడు. 'గుర్రం ఇల్లు చేరింది' దరువును ఆ రోజుతో విడిచిపెట్టాడు. తరువాత ఎవరికి మెచ్చుకోలు వచ్చినా పెళ్ళిదరువుతో సరిపెట్టాడు. శిష్యులకు అది నేర్పలేదు, అలాంటిదొకటుందని చెప్పనూ లేదు.

కాలం మళ్ళీ తిరిగింది. దక్షిణాన కర్మాగారాలు లేచాక, సైన్యంలో చేరేవాణ్ణి పని దొరకనివాడిగా చూసిన రోజులొచ్చాయి. వీడ్కోలుకు ఒక్క కుర్రవాడే ఉన్న ఏళ్ళున్నాయి. మళ్ళీ ఈమధ్య వరస పెరిగింది. పెళ్ళిసంబంధాల్లో కొడుకు సైన్యంలో ఉన్నాడన్న మాట ముందు చెబుతున్నారు. ఎన్ని మారినా బావ్‌షెంగ్ డోలు వంతెన దగ్గరే ఆగేది.

*

అనుకున్న రోజున పది ఇళ్ళూ అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. వంతెన మీద బావ్‌షెంగ్ బండి ఆపించాడు.

"ఇక్కడి నుంచి ఊరికే నడుద్దాం."

తావ్ రుయ్ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అదేంటి బాబాయ్? ముప్ఫై ఏళ్ళు వంటశాలలో ముల్లంగి తరిగొచ్చిన సిపాయి ఇంటికి ఊరు అదిరేలా కొట్టారు. ప్రాణమిచ్చినవాడి ఇంటికి మూగోళ్ళలా పోతామా?"

"ముందు ఆవిడతో ఒక మాట చెప్పాలి. అది విన్నాక కొట్టమంటే కొడతాను. వెళ్ళిపొమ్మంటే వెళతాను."

లియన్‌యే ఎండపట్టున ముక్కాలిపీట మీద కూర్చుని, పండుగ రొట్టెల్లోకి రేగుపళ్ళు ఏరుతోంది. ఒళ్ళు చిక్కి పిడికెడైంది. తెరిచిన తలుపులోంచి ఇటుక అరుగు మీద ఒక బొంత కనబడుతోంది. అంచులు గీత గీసినట్లు నాలుగు పలకలుగా మడిచి ఉంది. శిబిరంలో బొంత ఎలా మడవాలో సువోజు మొదటి ఉత్తరంలో రాశాడు. ఆమె నలభై ఒక్క ఏళ్ళుగా అలాగే మడుస్తోంది. తావ్ రుయ్ పలక తగిలించింది. లియన్‌యే లేచి, ఉబ్బెత్తు అక్షరాలను వేళ్ళతో తడిమి, "బాగుంది. తుడుచుకోవడానికి సులువు" అని మళ్ళీ కూర్చుంది.

బావ్‌షెంగ్ ఆమె పీట పక్కన గొంతుక్కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఆ మాటను చెవిలో చెప్పినట్లు, ఇద్దరికే వినబడేటట్లు చెప్పాలని అనుకుంటూ వచ్చాడు.

"పిన్నీ, ఆ రోజు..."

"ఆఁ? ఎవరూ?"

"బావ్‌షెంగ్‌ని."

"గట్టిగా చెప్పు నాయనా. కుడిచెవి తలుపేసుకుని రెండేళ్ళయింది. ఎడమచెవి కిటికీ అంత తెరిచుంది."

"బావ్‌షెంగ్‌ని! డోలు బావ్‌షెంగ్‌ని!"

"ఓహో. సందు వెడల్పయిందా?"

మేళంలో ఎవరో కిసుక్కుమన్నారు. బావ్‌షెంగ్ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆమె ఎడమచెవి దగ్గరికి జరిగాడు. "ఆ రోజు నన్ను ఆగమన్నారు పిన్నీ."

"ఎక్కడాగావు?"

"ఆగమన్నారు! పాంగ్ ఆగమన్నాడు! నేనే ఆగలేదు!" అని అతడు అరిచాడు. గోడ మీద కోడి ఒకటి ఎగిరి అవతల దూకింది. సందులో మాటలు ఆగిపోయాయి. "ఎర్రకాగితం చూసి నేనే పరుగెత్తాను! కార్యదర్శి పంపాడని వీళ్ళందరికీ అబద్ధం చెప్పాను! పాపం ఆయన నా కోసం తిట్లు తిని పోయాడు! నీ ఇంటిముందు చావుకి పండగదరువు కొట్టింది నేను!"

గడప అవతల హో చేతుల్లో తాళాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. అతడు వాటిని ఛాతీకి అదుముకున్నాడు.

లియన్‌యే చేతిలో రేగుపండును అటూఇటూ తిప్పి చూసి, పుచ్చు లేదని మంచివాటిలో వేసింది.

"అది నాకు తెలుసు" అంది.

"పాంగ్ చెప్పాడా?"

"ఆయనెందుకు చెబుతాడు? నాకు కళ్ళు లేవా? పంపినవాడు ఆపమంటూ పరుగెత్తుకొస్తాడట్రా? టోపీ కూడా లేకుండా వచ్చాడు మనిషి. ఆయన పోయేదాకా ఏటేటా ఆయనకి రొట్టెలు పంపాను. ఊరు తిడుతుంటే నేనూ తిడితే ఎట్లా?"

"మరి నా మీద కోపం..."

"ఉంది." ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. "దానికి కాదు. వంతెన నుంచి నా గడప దాకా నీ డోలు ఎంతసేపొచ్చింది? రొట్టె ఒక పక్క కాలేంతసేపు. అంతసేపూ నా కొడుకు బతికే ఉన్నాడు. గెలిచి ఇంటికొస్తున్నాడు. అంత సంతోషం అంతకుముందు లేదు నాకు, ఆ తరవాతా లేదు. ఆ కాస్తా ఇచ్చింది నువ్వే. ఇచ్చి పారిపోయావు."

బావ్‌షెంగ్ తల వంచుకున్నాడు.

"ఏటేటా ఎవరింటికో పత్రం వచ్చేది. నీ డోలు వంతెన దాకా వచ్చేది. నేను పిండిచేతులతో వచ్చి తలుపు తీసి నిలబడేదాన్ని. వంతెన దగ్గర తిరిగిపోయేది. ఊరికి మావాడి మీద మనసు లేదనుకున్నాను. తిరిగొచ్చిన పిల్లలకి డోలు, రానివాడికి గోడ మీద ఒక కాగితం. మావాడు చేసింది చాలలేదేమో, నేనే సరిగ్గా పెంచలేదేమో అనుకుంటూ తలుపేసుకునేదాన్ని. నీళ్ళతొట్టి కథ వాడికి చెప్పినదాన్ని నేను. నేనూ మోస్తున్నాను ఒక బరువు. నువ్వొచ్చి కూర్చుంటే ఇద్దరం కలిసి మోసేవాళ్ళం గదరా."

బావ్‌షెంగ్ నలభై ఏళ్ళుగా తాను చేసిన తప్పు డోలు కొట్టడమని అనుకున్నాడు. దానికి ప్రాయశ్చిత్తమని ఆ ఇంటికి మౌనాన్ని సమర్పించుకుంటూ వచ్చాడు. ఆ మౌనమే ఏటేటా ఆమె గడప ముందుకొచ్చి, నీ బిడ్డ చాలడని చెప్పి పోతోందని అతడెన్నడూ ఎరగడు. తెలియక చేసిన తప్పు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. తెలిసి చేసిన ప్రాయశ్చిత్తం ఆమె జీవితంలో సగాన్ని తినేసింది.

"లే. బండి ఇటు తెమ్మను" అంది లియన్‌యే. "వంతెన నుంచి కొడితే నాకిప్పుడు వినబడదు. ఆ రోజు కొట్టావే, అదే కొట్టు. పెళ్ళిదరువు కాదు."

"మీకిప్పుడు ఏదీ వినబడదుగా అవ్వా?" అంది తావ్ రుయ్, నాలుక కరుచుకుంటూ.

"చెయ్యి వింటుంది."

బండిని గడప దగ్గరికి తోసుకొచ్చారు. ఆమె లేచి, ద్వారబంధం పట్టుకుని నిలబడి, డోలు పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. మేళంలో ఎవరికీ ఆ దరువు రాదు గనుక బావ్‌షెంగ్ ఒక్కడే కర్రలెత్తాడు. గుర్రం ఏరు దాటింది. ఊరు కనబడింది. మూడో భాగం నడుమకొచ్చేసరికి అతని చేతులు తడబడ్డాయి. నలభై ఏళ్ళు తలుపేసిన గదిలో వస్తువు ఎక్కడుందో చేతికి తెలియలేదు. కర్రలు గాల్లో నిలిచాయి.

అప్పుడు లియన్‌యే వేళ్ళు డోలు అంచు మీద కదిలాయి. చెక్క మీద ఆ ఎముకల వేళ్ళు వేసిన దెబ్బలు పిచ్చుక నడిచినంత మెల్లగా వినబడ్డాయి. కాని తప్పులేదు, ఒక్క మాత్ర అటూఇటూ కాలేదు. బావ్‌షెంగ్ ఆ వేళ్ళ వెంట పోయాడు. ఆమె చెప్పింది చెప్పినట్లు తోలు మీద పలికించాడు. గుర్రం సందులో దౌడు తీసింది. తలుపులు తెరుచుకున్నాయి. హో ఆ రోజు తాను ఆపిన చోటును గుర్తుపట్టి, తాళాలు ఎత్తి, మళ్ళీ దించుకున్నాడు.

మూడో భాగం ముగింపులో ఆమె వేళ్ళు ఆగాయి.

బావ్‌షెంగ్ ఎదురుచూశాడు. "తరవాత, పిన్నీ?"

"ఇక్కడిదాకే నాకు తెలుసు" అంది ఆమె. "ఆ రోజు ఇక్కడే ఆపావు."

అతడు కర్రలను తోలుకు జానెడు పైన పట్టుకుని నాలుగో భాగం కోసం వెతికాడు. తండ్రి ముఖం గుర్తొచ్చింది. కర్రలు నిమిరినట్లు ఉండాలన్న మాట గుర్తొచ్చింది. మొదటి దెబ్బ ఎక్కడో గుర్తురాలేదు. అడగడానికి తండ్రి లేడు, నేర్పిన శిష్యుడు లేడు. లియన్‌యే అరచెయ్యి డోలు మీద అలాగే ఉంది. గుర్రం గడప ముందు నిలబడే ఉంది.

చాలాసేపటికి ఆమె చెయ్యి తీసి, రేగుపళ్ళ చేట దగ్గరికి నడిచింది.

"రేపు రా. తొట్టిలో నీళ్ళు తక్కువున్నాయి" అంది.